మేకు లేని బల్ల

మా కార్యాలయానికి వచ్చిన ఉత్తర్వులో, చేయవలసిన పనులు ఈ వరసలో ఉన్నాయి:

ఒకటి, కార్యాలయంలోని ఇనుప బల్లలను, ఫ్యాక్టరీలో తయారైన చెక్క బల్లలను తక్షణం తొలగించాలి.

రెండు, వాటి స్థానంలో చేతి పనిముట్లతో, మేకు గానీ మర గానీ జిగురు గానీ వాడకుండా, కొయ్యకు కొయ్యే పట్టు ఇచ్చేలా సంప్రదాయ పద్ధతిలో ఒక రాతబల్ల చేయించాలి.

మూడు, సదరు బల్లను గుర్తింపు కార్డు కలిగిన సంప్రదాయ వడ్రంగి చేతనే చేయించాలి.

నాలుగు, ఇకపై అధికారిక సంతకాలన్నీ ఆ బల్ల మీదనే చేయాలి. బల్ల సిద్ధమయ్యే వరకు ఏ సంతకమూ చేయరాదు.

ఐదు, పని ఎంతవరకు వచ్చిందో ప్రతి శుక్రవారం ఫొటోతో సహా తెలియజేయాలి.

మాది హస్తకళల వారసత్వ మండలి జిల్లా కార్యాలయం. నేను అందులో జూనియర్ అసిస్టెంటును. మా వంశంలో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అందుచేత ఏ కాగితం చేతికొచ్చినా ఆఖరి అక్షరం దాకా చదవడం, చదివినదాన్ని నమ్మడం నాకు అలవాటు. ఈ ఉత్తర్వును కూడా అలాగే చదివాను, అలాగే నమ్మాను.

ఉత్తర్వు వెనక ఒక ఘనమైన కారణం ఉంది. మా మండలి ఛైర్మన్ గారు ఏదో ప్రదర్శనకు వెళ్లి, అక్కడ మేకు లేకుండా చేసిన బల్ల ఒకటి చూశారట. దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపటికి తెరిచి, "ఇది మాట్లాడుతోంది" అన్నారట. ఏం మాట్లాడిందో పక్కనున్నవాళ్లెవరూ అడగలేదు. మర్నాటికల్లా జిల్లాలన్నిటికీ ఉత్తర్వు వెళ్లింది.

మొదటి పని ఆ సాయంత్రానికే అయిపోయింది. మా కార్యాలయంలో అంత త్వరగా అయిన పని నాకు తెలిసి ఇంకొకటి లేదు. బల్లలన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయాయి. కంప్యూటరును కిటికీ గట్టు మీద పెట్టుకున్నాం. సూపరింటెండెంటు విశాలాక్షి గారు చెత్తబుట్ట బోర్లించి దాని మీద ఫైళ్లు పేర్చుకున్నారు. మా సంచాలకులు పరంధామయ్య గారు మటుకు తన కుర్చీలో తానే కూర్చున్నారు. ముందు బల్ల లేకపోవడంతో ఆయన బొజ్జ మొదటిసారి ప్రజలకు కనబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన రోజంతా నమస్కారం పెడుతున్నట్టే కూర్చునేవారు. కొందరు అర్జీదారులు తిరిగి నమస్కారం పెట్టేవారు కూడా.

ఇక రెండో పనికి వడ్రంగి కావాలి. వడ్రంగి కోసం మేం వెతకనక్కర్లేకపోయింది. ఆయన అప్పటికే మా వరండాలో కూర్చుని ఉన్నాడు.

ఆయన పేరు నాగలింగాచారి. అందరూ లింగాచారి అంటారు. కాలవ గట్టు మీద రెల్లుగడ్డి పాకలో పని. మాటకి మాట అప్పజెప్పడంలోనూ, తనను తాను పొగుడుకోవడంలోనూ ఆయనకు ఎదురు లేదు. గుర్తింపు కార్డు కోసం తిరుగుతున్నాడు. ఆ ఏడు పాత కార్డులన్నిటినీ మా మండలి ఒక్కసారే రద్దు చేసి, అందరూ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలంది. కార్డు లేనివాడికి కలప డిపోలో పుల్ల కూడా ఇవ్వరు. డిపో చెక్క కాకుండా ఇంకే చెక్క పాకలో కనబడినా దొంగ కలప కింద జమ కడతారు. అందుకని లింగాచారి పని ఆపుకుని కార్డు కోసం కూర్చున్నాడు. దరఖాస్తు అంతా సరిగ్గా ఉంది. సంచాలకుల సంతకం ఒక్కటే తక్కువ.

పరంధామయ్య గారు ఆయన్ని లోపలికి పిలిపించారు.

"ఏమయ్యా, మేకు లేకుండా బల్ల చేయగలవా?"

"ఆయ్! మేకుతో చెయ్యమంటేనే నాకు కష్టమండి. మా నాన్నగారు మేకు కొట్టినోడిని పంక్తిలో కూడా కూర్చోనిచ్చేవోరు కాదు. కొయ్య కొస చెక్కి, బెజ్జంలో దింపి, చెక్క చీల బిగించానంటే, తమరూ తమరి తర్వాతోరూ రిటైరైపోయినా బల్ల కదలదండి."

"భేష్. అయితే ఎప్పుడు మొదలుపెడతావు?"

"కార్డు మీద సంతకం పెట్టేయండి. డిపో కాడికెళ్లి చెక్క తెచ్చుకుని రేపే మొదలెట్టేత్తాను."

పరంధామయ్య గారు విశాలాక్షి గారి వంక చూశారు. ఆవిడ నిబంధనలు చూసుకోనక్కర్లేదు. ఆవిడకి కంఠతా వచ్చు.

"బల్ల లేనిదే సంతకం కుదరదు సార్. నాలుగో అంశం."

"అయితే ముందు బల్ల చేయించండి."

"కార్డు లేనివాడి చేత చేయించకూడదు సార్. మూడో అంశం."

"కార్డు ఇవ్వండి."

"సంతకం పెట్టాలి సార్."

లింగాచారి మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"అంటే ఏటండి? బల్ల కావాలంటే నాకు కార్డుండాలి, కార్డు కావాలంటే తమరికి బల్లుండాలి. అంతేనా?"

"చక్కగా అర్థం చేసుకున్నావు" అన్నారు విశాలాక్షి గారు, నిజంగానే మెచ్చుకుంటూ.

"మరి నా కడుపు సంగతేటండి మేడం గారూ?"

"అది మన పరిధిలోకి రాదు."

జిల్లాలో కార్డున్న వడ్రంగి ఒక్కడైనా దొరుకుతాడేమోనని నేను వెతికాను. అందరి కార్డులూ రద్దయ్యాయి, అందరి దరఖాస్తులూ చెత్తబుట్ట మీదే ఉన్నాయి. పై కార్యాలయానికి రాశాం. "సందేహాలు పంపక, చొరవ చూపవలెను" అని జవాబొచ్చింది.

పరంధామయ్య గారు చొరవ చూపారు. ఒక సంఘం వేశారు. చుట్టూ కూర్చోవడానికి బల్ల లేదు గనక సంఘం మూడు సమావేశాలు నిలబడే జరుపుకుని ఒక మార్గం కనిపెట్టింది. లింగాచారి బల్ల చేయడు. అర్హత ప్రదర్శన చేస్తాడు. ఆ ప్రదర్శనలో భాగంగా ఒక వస్తువు తయారవుతుంది. ఆ వస్తువు యాదృచ్ఛికంగా బల్ల ఆకారంలో ఉంటుంది. అప్పుడు దాని మీదే పెట్టి ఆయన కార్డుకి సంతకం చేస్తే, ఆ క్షణం నుంచి ఆయన గుర్తింపు పొందిన వడ్రంగి, ఆ వస్తువు బల్ల. విజయదశమికి ఛైర్మన్ గారు స్వయంగా వచ్చి ప్రారంభిస్తారు.

ఈ నిర్ణయం చెప్పడానికి సంఘమంతా కాలవ గట్టుకి వెళ్లింది. నేను కాగితాలు పట్టుకుని వెనక నడిచాను. అటెండరు గంగరాజు గొడుగు పట్టాడు.

పాకలో అడుగు పెట్టగానే పరంధామయ్య గారు అటూ ఇటూ చూసి, గోడకున్న ఉలి, బాడిశ, రంపం వైపు వేలు చూపించారు.

"ఇవన్నీ ఇనుమే కదా! ఉత్తర్వులో ఇనుము కూడదని ఉంది."

దాని మీద చాలాసేపు చర్చ నడిచింది. ఇనుము చేతిలో ఉండవచ్చు గానీ బల్లలో ఉండరాదని విశాలాక్షి గారు తేల్చారు. నేను రాసుకున్నాను. టేపు మటుకు ఆధునికమని తీయించేశారు. తాడుకి ముళ్లు వేసి కొలుచుకోమన్నారు. కరెంటు బల్బు కూడా తీయించారు.

"అన్నీ బానే ఉన్నాయండి" అన్నాడు లింగాచారి. "చెక్క?"

"చెక్కేమిటి?"

"బల్లకండి. చెక్కతో చేత్తారు కదండీ. డిపోవోడు కార్డు అడుగుతున్నాడు."

పరంధామయ్య గారు కళ్లజోడు సవరించుకున్నారు. "చూడు లింగాచారీ, ఇది కేవలం చెక్కకు సంబంధించిన విషయం కాదు. సంకల్పానికి సంబంధించినది. ముడిసరుకు అంశం విడిగా పరిశీలనలో ఉంది. నువ్వు సాంకేతిక అంశాలతో మొదలుపెట్టు."

లింగాచారి భార్య వరాలమ్మ పొయ్యి దగ్గర్నుంచి అంది: "అయితే ఈ పూట కూరలో వంకాయ లేదండి. మసాలాతో మొదలెట్టేత్తాను, కూర్చోండి, తినెల్దురుగాని."

గంగరాజు గొడుగు చాటున నవ్వుకున్నాడు. సంఘం భోజనానికి ఆగలేదు.

తర్వాత ప్రతి శుక్రవారం నేను ఫొటో తీయడానికి వెళ్లేవాణ్ణి. చెక్క లేదు కాబట్టి, లింగాచారి ఒకసారి ఉలి నూరుతూ, ఒకసారి రంపానికి పళ్లు సరిచేస్తూ, ఒకసారి ఊరికే నా వైపు కోపంగా చూస్తూ ఫొటో దిగాడు. "పని సంతృప్తికరంగా సాగుతోంది" అని ప్రతి ఫొటో కిందా రాశాను. అలా రాయమన్నారు.

ఆ ఫొటోలన్నిటిలోనూ వెనక ఒక పనిబల్ల కనిపిస్తుంది. మూరెడు ఎత్తు, నల్లమద్ది చెక్క, నాలుగు బలిసిన కాళ్లు. లింగాచారి పెళ్లికి ముందు, వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుని పరీక్ష పెడుతుండగా చేసిన మొదటి వస్తువట. మేకు లేదు. ఇన్నేళ్లూ ఆయన చేసిన తలుపులు, మంచాలు, బళ్లచక్రాలు అన్నీ దాని మీదే పుట్టాయి. ఎడమ కాలు దాని మీదికెత్తి, చెక్కని తొక్కిపట్టి, రంపం లాగుతాడు. ఆ మడమ ఆనిన చోట అంచు దగ్గర నున్నగా గుంట పడింది. పొద్దున్నే బల్లకి దణ్ణం పెట్టుకుని, "కాలెట్టేదా?" అని అడిగి, అప్పుడు పెడతాడు.

"ఎప్పుడైనా వద్దందా?" అని అడిగాను ఒక శుక్రవారం.

"ఒద్దనలేదండి ప్రభుదాసు గారూ. కానీ ఇన్నాళ్లు కాలెట్టకపోతే ఏటనుకుంటందో."

విజయదశమి వచ్చింది. ఛైర్మన్ గారి కారు కాలవ గట్టు మీద ఆగింది. వెనక మా సంఘం, మెడలో కెమెరాలతో ఇద్దరు విలేకరులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజున వడ్రంగులు పని ముట్టుకోరు. పనిముట్లన్నీ కడిగి పూజ చేస్తారు. లింగాచారి కూడా తెల్లవారే పనిబల్లని కాలవ నీళ్లతో కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, దాని మీద ఉలి, బాడిశ, చిత్రిక వరసగా పేర్చాడు. పేర్చి, టెంకాయ తేవడానికి ఎదురింటికి వెళ్లాడు.

ఛైర్మన్ గారు పాకలోకి వచ్చేసరికి ఎదురుగా పసుపు కుంకుమలతో, పూలదండతో, మేకు లేని బల్ల ఒకటి ఉంది.

ఆయన దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. అరచెయ్యి ఆనించారు. కళ్లు మూసుకున్నారు. కెమెరాలు ఆగకుండా మెరిశాయి.

"మాట్లాడుతోంది" అన్నారు.

"సార్, అది..." అన్నాను నేను.

"ష్!" అన్నారు విశాలాక్షి గారు.

లింగాచారి టెంకాయతో పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా! అది బల్ల కాదండి. నా పనిబల్లండి."

"చూశారా!" అన్నారు ఛైర్మన్ గారు విలేకరుల వైపు తిరిగి. "గొప్ప శిల్పులంతా ఇంతే. తాము చేసినదాన్ని తాము ఒప్పుకోరు."

"చేసింది నేనేనండి, కాదనట్లేదు. కానీ ఎప్పుడో చేశానండి. దీని మీద కొడతానండి. ఇదిగో, గాట్లు కనపడతన్నాయి కదండీ."

"ఈ గాట్లలో ఎంత పురాతనత్వం తెప్పించావయ్యా! మరి ఈ గుంట?"

పరంధామయ్య గారు వంగి చూశారు. "సిరాబుడ్డి స్థానం సార్. పూర్వపు రాతబల్లలన్నిటికీ ఉండేది."

"నా మడమండి!" అన్నాడు లింగాచారి.

ఎవరూ వినలేదు. ఛైర్మన్ గారు జేబులోంచి కలం తీశారు. విశాలాక్షి గారు కార్డు ముందుకు జరిపారు. ఆయన ఉలిని పక్కకి నెట్టి, పసుపు తడి ఆరని ఆ పనిబల్ల మీదే పరంధామయ్య గారి చేత సంతకం పెట్టించి, కార్డు తీసి లింగాచారి చేతిలో పెట్టారు.

లింగాచారి టెంకాయ కింద పెట్టాడు. చేతిలో కార్డు. దాని మీద తన ఫొటో, తన పేరు, పచ్చ సిరాతో సంతకం. రేపు డిపో తలుపు తీస్తుంది. అవతల ఆరుగురు కలిసి బల్లని ఎత్తుతున్నారు.

ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "రేపే చెక్క తెచ్చేత్తానండి. అసలైన రాతబల్ల చేసి పట్టుకొచ్చి, నాది నేను తెచ్చేసుకుంటాను. అందాకా జాగర్త. నీళ్లు పొయ్యనివ్వకండి. చెప్పులతో ముట్టుకోనివ్వకండి."

"అలాగేనండి" అన్నాను.

వరాలమ్మ మటుకు వాకిట్లో నిలబడి మొగుడితో అంది: "కార్డిచ్చి బల్లట్టుకుపోయేరు. ఇంకో కాయితం ఇత్తానంటే నన్ను కూడా బండెక్కించెయ్!"

బల్ల కార్యాలయానికి వచ్చింది. మూరెడు ఎత్తు బల్లకి కుర్చీలు పనికిరావు గనక కుర్చీలు కూడా లారీ ఎక్కాయి. అధికారులు పద్మాసనంలో కూర్చుని విధులు నిర్వర్తించవలెనని పరంధామయ్య గారు ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి కూర్చున్న మనిషిని లేపడానికి గంగరాజూ నేనూ చెరో రెక్కా పట్టుకోవాల్సి వచ్చింది. చెప్పులు బయట విడిచే నియమం నేను పెట్టించాను. అంతవరకే నా చేత అయింది. సిరాబుడ్డి ఇప్పుడెవరూ వాడరు కాబట్టి ఆ గుంటలో సంచాలకులు టీ గ్లాసు పెట్టుకునేవారు. సరిగ్గా సరిపోయింది.

"ఏం కొలతయ్యా!" అనేవారు ప్రతిసారీ.

దరఖాస్తులన్నీ ఆ బల్ల మీదే కదిలాయి. మా జిల్లా రాష్ట్రానికే ఆదర్శమని ఛైర్మన్ గారు మెచ్చుకోలు పంపించారు.

వారం తిరక్కుండా లింగాచారి ఎడ్లబండి మీద టేకు చెక్క వేసుకుని మా వాకిట్లో దిగాడు.

"బల్లిచ్చేయండి. చెక్క వచ్చేసింది."

"వారసత్వ ఆస్తిని కార్యాలయం దాటించరాదు" అన్నారు విశాలాక్షి గారు.

"పోనీ ఇక్కడే పని చేసుకుంటానండి. దాని మీద కోసుకుని ఇక్కడే బిగించేత్తాను. కొత్తది తమరికి, పాతది నాకు."

"వారసత్వ ఆస్తి మీద ఆయుధం ఆనించరాదు."

"అది పుట్టిందే అందుకండి తల్లీ!"

"అర్జీ పెట్టుకో. పరిశీలిస్తాం."

లింగాచారి అర్జీ పెట్టాడు. చెక్క తిప్పుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లు నేల మీద చెక్క పెట్టి చేయడానికి చూశాడట. వంగి వంగి నడుం పట్టేసింది. కొత్త పనిబల్ల చేసుకోమని నేనే చెప్పాను.

"చెయ్యాలంటే దేని మీద పెట్టి చెయ్యనండి?" అన్నాడు. ఆయన హాస్యమాడుతున్నాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఇదివరకు మా నాన్నగారి బల్ల మీద నాది చేశానండి. ఆయన పోయినప్పుడు ఆ బల్లనే చీల్చి కాల్చాం. అది మా ఆనవాయితీ. నా బల్ల కూడా అంతే. నాతోటే రావాలి."

ఆ సంగతి కూడా రాసి ఫైల్లో పెట్టాను. "భావోద్వేగపరమైన అంశం, పరిధిలోకి రాదు" అని తిరిగి వచ్చింది.

సంవత్సరాంతపు తనిఖీ వచ్చింది. కార్డున్న ప్రతి వడ్రంగి ఇంటికీ వెళ్లి, సంప్రదాయ పనివాడనడానికి ఆనవాళ్లు ఉన్నాయో లేదో చూడాలి. విశాలాక్షి గారితో నన్ను పంపించారు.

"ఉలి?"

"ఉందండి."

"బాడిశ?"

"ఉందండి."

"పనిబల్ల?"

లింగాచారి ఆవిడ వంక చూశాడు. "తమరు పొద్దున్న దాని ముందే కూర్చుని వచ్చారండి."

"ఇంటి దగ్గర ఉందా లేదా? అంతవరకే చెప్పు."

"లేదండి."

"లేదు" అన్నారు ఆవిడ నాతో. "సార్, ఆ బల్ల..." అన్నాను, కంగారులో మేడంని సార్ అని. "ప్రభుదాస్, మనం చూసింది రాస్తాం. తెలిసింది రాయం" అన్నారు ఆవిడ. తిట్టలేదు. పనిలో కొత్తగా చేరినవాడికి పాఠం చెప్పినట్టే చెప్పారు.

పనిబల్ల లేని కారణంగా సంప్రదాయ వడ్రంగిగా గుర్తించలేమని లింగాచారి కార్డు రద్దయింది. రద్దు పత్రం మీద పరంధామయ్య గారు పద్మాసనంలో కూర్చుని, టీ గ్లాసు గుంటలో పెట్టి, సంతకం చేశారు. ఆయనకి కోపమేమీ లేదు. ఇంకో గ్లాసు టీ తెమ్మన్నారు.

పాకలో మిగిలిన టేకు చెక్కని కార్డు లేనివాడి దగ్గరున్న కలప కింద డిపోవాళ్లు తీసుకుపోయారు.

ఒక్క పని మిగిలింది. బల్లకి ఇత్తడి ఫలకం. ముందు లింగాచారి పేరే చెక్కించారు. కార్డు రద్దయ్యాక, గుర్తింపు లేని వ్యక్తి పేరు వారసత్వ ఆస్తి మీద ఉండటం కుదరదని కొత్త ఫలకం తెప్పించారు. దాని మీద ఇలా ఉంది: "ఒక్క మేకు కూడా వాడకుండా, అజ్ఞాత శిల్పి నిర్మించిన రాతబల్ల."

ఆ ఫలకాన్ని బల్లకి బిగించడానికి గంగరాజు నాలుగు మేకులు కొట్టాడు. మొదటి మేకు దిగేటప్పుడు నల్లమద్ది చెక్క గట్టిగా అరిచింది. ఛైర్మన్ గారు ఆ రోజు ఊళ్లో లేరు.

లింగాచారి ఇప్పుడు మళ్లీ మా వరండాలో కూర్చుంటున్నాడు. కొత్తగా దరఖాస్తు పెట్టాడు. ఇదివరకట్లా మాట్లాడడు. నేను మంచినీళ్లిస్తే తాగుతాడు. కిటికీలోంచి లోపలికి చూస్తాడు. ఒకరోజు మటుకు అడిగాడు: "నేను పోయిననాడు ఇత్తారేటండి, కాల్చుకోటానికి?" నిబంధనల్లో వెతికాను. లేదు.

మీరెప్పుడైనా ఏదో పని మీద మా కార్యాలయానికి రావచ్చు. చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చుని, మీ కాగితం ఆ బల్ల మీద పెడతారు. ఫలకం చదవకండి. అంచు దగ్గర టీ గ్లాసు ఉంటుంది. దాన్ని కాస్త పక్కకి జరిపి ఆ గుంటలో వేలు పెట్టి చూడండి. అది నాగలింగాచారి ఎడమ మడమ. ఆయన పేరు రాసే వీలు మాకు లేదు. మీరైనా గుర్తుంచుకోండి.